గోరువెచ్చని పాలు

చంటిబిడ్డ తల్లికి అన్నింటికన్నా ఇష్టమైన మాట ఏదని నన్ను ఒకప్పుడు అడిగి ఉంటే, ఆలోచించకుండా 'గోరువెచ్చన' అని చెప్పేదాన్ని. స్నానానికి గోరువెచ్చని నీళ్ళు, ఒంటికి గోరువెచ్చని నూనె, ఉగ్గుగిన్నెలో గోరువెచ్చని పాలు. మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని చూడాలి. చుక్క పడ్డట్టు కంటికి కనిపించాలి గాని చర్మానికి తెలియకూడదు. అప్పుడు సరిపోయినట్టు. బిడ్డ ఒళ్ళూ అంతే వెచ్చన, నా ఒడీ అంతే వెచ్చన, పాలూ అంతే వెచ్చన. ఎక్కడ నేను ఆగానో, ఎక్కడ బిడ్డ మొదలైందో తెలియని మెత్తని చోటు అది. ఆ మాట పైకి అంటుంటేనే నాకు కళ్ళు మూతలు పడేవి.

ఇప్పుడు ఆ మాట వింటే చెయ్యి ఆగుతుంది.

పెద్దది నిద్రపోయింది. చిన్నవాడు పుట్టి నెల దాటింది. వాడి ఊపిరి వినడానికి నాలుగు వాక్యాలకోసారి కలం ఆపుతున్నాను. వాడికి పైపాలు పట్టే రోజు ఇంకా నెలల దూరంలో ఉంది. ఆ రోజు వచ్చేలోగా, పెద్దది పసిదిగా ఉన్నప్పుడు జరిగింది జరిగినట్టు ఒకచోట రాసి పెట్టుకోవాలని ఉంది. మరిచిపోతానని కాదు. తలుచుకునే కొద్దీ అది నాకు అనుకూలంగా మారిపోతుందేమోనని.

అప్పుడు మేము ఆదిలాబాద్ జిల్లాలో ఒక బొగ్గుబాయి ఊళ్ళో ఉండేవాళ్ళం. నాది కరీంనగర్ వైపు పల్లె. మా దగ్గర బాయి అంటే నీళ్ళ బాయే. కాపురానికి వెళ్ళిన మొదటి వారంలో పక్కింటామె "మీ ఆయన బాయిల దిగిండా?" అని మామూలుగా అడిగితే నేను కంగారుపడి వాకిట్లోకి పరుగెత్తాను. గని దిగాడా అని ఆమె అడిగింది. ఆ సంగతి ఆమె ఏడాది పాటు వాడంతా చెప్పుకుని నవ్వింది.

నా భర్త ఆ బాయి లోపలి దారులు కొలిచే సర్వేయరు. ఏ పూట దిగుతారో, ఏ పూట పైకి వస్తారో ఆయనకే సరిగా తెలిసేది కాదు. మా క్వార్టర్లు ఒకే గోడకు అటొక ఇల్లు ఇటొక ఇల్లుగా, రైలు డబ్బాల్లా వరసగా ఉండేవి. పొద్దున్నే ప్రతి వాకిట్లో సిగిడి, అంటే ఇనుప బొగ్గుల పొయ్యి, రాజుకునేది. ఆ పొగ పైకి పోకుండా నేల మీద పరుచుకుని మోకాళ్ళ ఎత్తున కదిలేది. డ్యూటీ దిగి వచ్చే మనుషులు కాళ్ళు లేనివాళ్ళలా అందులో తేలుతూ వచ్చేవారు. పొగ విడిపోయాక ఉత్తరాన ఆసిఫాబాద్ వైపు కొండలు, నీలం చీర ఆరేసినట్టు, ఉన్నాయో లేవో అన్నట్టు కనిపించేవి. నేను బిడ్డను భుజాన వేసుకుని గడపలో నిలబడి ఆ కొండల్ని చూసేదాన్ని. అప్పుడు దానికి తొమ్మిది నెలలు.

బొగ్గు కంపెనీ ఇచ్చేది కాబట్టి ఏ ఇంట్లోనూ సిగిడి పూర్తిగా ఆరేది కాదు. మగవాళ్ళ షిఫ్టులు ఎప్పుడు ముగిసేదీ తెలియదు కాబట్టి వరస మొత్తానికీ ఒక అలవాటు ఉండేది. సిగిడి పక్కన ఒక రేకు డబ్బా, దాని నిండా వేడి బూడిద. అన్నం గిన్నె, కూర గిన్నె మూతపెట్టి అందులో పూడ్చేవారు. మనిషి ఎప్పుడు వచ్చినా వెచ్చని ముద్ద దొరికేది. ఒరిస్సా వాళ్ళింట్లో అదే డబ్బా, ఉత్తరాది వాళ్ళింట్లో అదే డబ్బా. ఎవరి మాట ఎవరికీ పూర్తిగా అర్థం కాని ఆ వరసలో అందరికీ అర్థమయ్యే వస్తువు అదొక్కటే అనిపించేది.

నేను ఆ డబ్బా పద్ధతిని బిడ్డ కోసం మెరుగుపరిచాను. బిస్కెట్ల డబ్బా తీసుకున్నాను. బూడిదను జల్లెడ పట్టి నిప్పు కణం లేకుండా చేశాను. పాలు మూడు పొంగులు వచ్చేదాకా కాచి, కడిగి ఎండబెట్టిన ఇత్తడి గిన్నెలో పోసి, మూతపెట్టి, దాని మీద ఉతికిన గుడ్డ కప్పి బూడిదలో కూర్చోబెట్టేదాన్ని. పొద్దున్నే పెట్టిన పాలు మధ్యాహ్నానికి కూడా మణికట్టు మీద తెలియనంత వెచ్చగా ఉండేవి. బిడ్డ ఏడ్చిన మరుక్షణం పాలు సిద్ధం. ఏ చెయ్యీ పడలేదు, ఏ ఈగా వాలలేదు. నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

ఆ ఆలోచన నాకు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. మా అమ్మను మేము అవ్వ అంటాం. నేను పుట్టకముందు అవ్వకు ఒక కొడుకు. వాడు చంటివాడుగా ఉన్నప్పుడు జ్వరం వచ్చి అవ్వకు పాలు ఇంకిపోయాయి. నాట్లకు పోయేటప్పుడు కాచిన పాలు చిన్న ముంతలో పోసి, మూతికి గుడ్డ కట్టి, చీర కుచ్చిళ్ళ లోపల నడుముకు కట్టుకునేదట. మధ్యాహ్నం గట్టు మీదికి వచ్చి ముంత విప్పితే పాలు ఆమె కడుపంత వెచ్చగా ఉండేవట. ఆ తర్వాత వాడు గత్తరకు పోయాడని చెప్పేది. కలరాను మా వైపు గత్తర అంటారు. వాడు పోయిన సంగతి నాకు ఎప్పుడూ కథ చివర ఒక చిన్న మాటగానే వినిపించేది. నాకు కథ అంటే ఆ ముంతే. చిన్నప్పుడు అవ్వ నడుముకు ముఖం ఆనించి, ఇక్కడేనా, ఇక్కడేనా అని అడిగేదాన్ని.

పెద్దయ్యాక హైదరాబాదులో ఆడపిల్లల కాలేజీలో సైన్సు చదివాను. ఒక మధ్యాహ్నం మా లెక్చరరు మూతలున్న గాజు పళ్ళేలు తెచ్చి, వాటిలో గడ్డకట్టించిన జిగురు మీద మా అందరినీ వేలికొస తాకించమన్నారు. ఆవిడ తెల్లచీర తప్ప కట్టని, గొంతు ఎన్నడూ పెంచని మనిషి. తాకించాం. ఏమీ కనిపించలేదు. పళ్ళేల్ని వెచ్చగా ఉంచే ఒక చెక్క అలమారలో పెట్టించారు. ఆ వెచ్చదనం మనిషి ఒంటి వెచ్చన దాటకుండా, తగ్గకుండా చూసే పని నాకు అప్పగించారు. రెండు రోజులు గంటగంటకూ వెళ్ళి చూశాను. మూడో రోజు తలుపు తెరిస్తే నా వేలిముద్ర పూసి ఉంది. పూసింది అనే అనాలి. గీత గీత వెంట పాలచుక్కల్లాంటి బొట్లు, కొన్ని పసుపు, ఒకటి లేత గులాబీ. నా వేలికొసన ఒక తోట ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. కిటికీ దగ్గర వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాను.

ఆ పాఠం నుంచి నేను తెచ్చుకున్నది ఒక్కటే: వేళ్ళు. వేళ్ళ మీద కంటికి కనిపించనిది ఉంటుంది. అలమార సంగతి పరీక్షలో రాశాను, మార్కులు వచ్చాయి, అక్కడితో మరిచిపోయాను.

ఆ ఎండాకాలం అవ్వ నాకు సాయంగా వచ్చింది. వచ్చిన రోజు నుంచే నా కళ్ళు ఆమె వేళ్ళ మీద ఉన్నాయి. నాట్ల బురదలో, పొయ్యి బూడిదలో, పచ్చళ్ళ కారంలో ముదిరిన వేళ్ళు. గోళ్ళ అంచున ఎప్పటికీ పోని సన్నని నల్లగీత. ఆ వేళ్ళతో పప్పు మెతుకులు మెత్తగా నలిపి, ముందు తన పెదవికి తాకించి చూసుకుని బిడ్డ నోట్లో పెట్టేది. కొంగుతో మూతి తుడిచేది. అదే కొంగుతో పొయ్యి మీది గిన్నె దించేది. నేను సబ్బు చేతికిచ్చి నిలబడేదాన్ని.

"ఇప్పుడే బోళ్లు తోమిన గదనే. బూడిదకంటె సబ్బు గొప్పదా?" అనేది.

నేను సూక్ష్మజీవుల గురించి చెప్పేదాన్ని. ఆమె శ్రద్ధగా వినేది, తల ఊపేది. తర్వాత పక్కింటామెతో నాకు వినిపించేటట్టు, "మా పొల్ల శాన చదువుకున్నది. చదువుకున్నోళ్ల బిడ్డకు మనిషి చెయ్యి పడదట" అనేది. ఆ ఇద్దరూ నవ్వుకునేవారు. నాకు కోపం వచ్చేది గాని లోపల భయమే ఎక్కువ. చివరికి ఒక కట్టుబాటు పెట్టాను. స్నానం అవ్వ చేయించవచ్చు, ఊయల ఊపవచ్చు, ఎత్తుకుని వరసంతా తిప్పవచ్చు. నోట్లో పెట్టే పని మాత్రం నాదే. అవ్వ ఒప్పుకుంది. ఒప్పుకుని, నేను నీళ్ళ కోసం పంపు దగ్గరికి వెళ్ళగానే ఒక మెతుకు పెట్టేది. నాకు తెలుసు. బిడ్డ పెదవి మీద పసుపు కనిపించేది.

ఎండలు ముదిరే కొద్దీ బిడ్డ తెల్లవారకముందే లేచి పాలకు ఏడవడం మొదలుపెట్టింది. ఆ వేళ సిగిడి రాజేసి పాలు కాచేసరికి వరసంతా లేచేది. అందుకని సాయంత్రమే కాచిన పాలు రాత్రికి కూడా డబ్బాలో ఉంచసాగాను. పది రోజులు ఏమీ కాలేదు. పదకొండో రోజు తెల్లవారుజామున చుక్క మణికట్టు మీద వేసుకున్నాను. తెలియలేదు. పాలు ఎప్పటికన్నా ఒక పిసరు తియ్యగా వాసన వేసినట్టు అనిపించింది. గడ్డి మారిందేమో అనుకున్నాను. బిడ్డ గటగటా తాగి నా మెడ కింద తలపెట్టి మళ్ళీ నిద్రపోయింది. బయట పొగ పరుచుకుంటోంది. ఆ నిమిషం లోకంలో అంతా సరిగ్గా ఉందనిపించిన సంగతి నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఎండ వాకిట్లోకి వచ్చేసరికి వాంతి చేసుకుంది. మళ్ళీ చేసుకుంది. ఆ వెంటనే నీళ్ళలాంటి విరేచనాలు. పది గంటలకల్లా కళ్ళు లోపలికి పోయాయి, మాడు గుంటపడింది, ఏడిస్తే కన్నీళ్ళు రావడం ఆగిపోయింది. అంత తొందరగా ఒక పిల్ల తన రూపం తాను విడిచి వెళ్ళిపోగలదని నాకు తెలియదు. బిడ్డ పెదవి పక్కన ఎండిన పప్పు మరక ఉంది. నేను అవ్వ వైపు తిరిగాను.

"నీ ఏళ్లే అవ్వా," అన్నాను. "నీ ఏళ్లతోనే అయింది ఇది."

అవ్వ రెండు చేతులూ కొంగు కిందికి తీసుకుంది.

నా భర్త బాయిలో ఉన్నారు. నేనే బిడ్డను ఎత్తుకుని కంపెనీ దవాఖానకు పరుగెత్తాను. అవ్వ పది అడుగుల వెనక వచ్చింది. దారంతా బిడ్డను ఒకసారి ఇమ్మని అడగలేదు. డాక్టరు పిల్ల రెండు తొడల్లోకీ సెలైన్ ఎక్కించారు. తొడలు బంతుల్లా ఉబ్బాయి. ఇంటికి తీసుకుపోయి చుక్క చుక్కగా పడుతూనే ఉండండి, పొద్దుగూకేలోగా మూత్రం పోస్తే గండం గడిచినట్టు, పోయకపోతే మళ్ళీ తీసుకురండి అన్నారు. ఆ 'మళ్ళీ తీసుకురండి' అనేటప్పుడు ఆయన నా ముఖం చూడలేదు.

మా వరసలో నాలుగిళ్ళ అవతల ఒక నర్సమ్మ ఉండేది. మిషన్ దవాఖానలో పని నేర్చుకుని కంపెనీ కొలువులో చేరిన మనిషి. వాళ్ళింట్లో ఆదివారాలు పొద్దున్నే ప్రార్థన వినిపించేది. నాకంటే పదేళ్ళు పెద్దది, నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆ రోజు ఆమెకు రాత్రి డ్యూటీ, పగలు ఇంట్లో ఉంది. మేము దవాఖాన నుంచి వచ్చామని తెలిసి ఆ నిద్ర మొహంతోనే వచ్చింది. బిడ్డ పొట్ట మీది చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలింది. పట్టిన మడత పట్టినట్టే కాసేపు నిలబడిపోయింది. అది చూసి నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను.

నిన్న పొద్దటి నుంచి పిల్ల ఏమేం తిన్నదో, ఒక్కటీ వదలకుండా చెప్పమంది. నేను అవ్వ వేళ్ళతో మొదలుపెట్టాను. నర్సమ్మ ఊఁ కొడుతూనే ఇల్లంతా కలియచూస్తోంది. ఆమె చూపు సిగిడి పక్కన ఆగింది.

"గిదేంది చెల్లె?"

చెప్పాను. అంత భయంలోనూ నా గొంతులో కొంచెం గర్వం ఉందనుకుంటాను. మూడు పొంగులు, కడిగిన గిన్నె, ఉతికిన గుడ్డ. ఆమె గుడ్డ తీసి, మూత తీసి, మిగిలిన పాలలో చిటికెన వేలు ముంచి అలాగే ఉంచింది. పసిపిల్లకు నీళ్ళు పొయ్యబోయే తల్లి ముంచినట్టే. తర్వాత వాసన చూసింది.

"ఎప్పుడు కాచినవ్?"

"నిన్న పొద్దుమీకి."

"నిన్న పొద్దుమీకి," అని నెమ్మదిగా తనలో తాను అనుకుంది. తర్వాత తలుపు చాటున నిలబడ్డ అవ్వను అడిగింది. "అవ్వా, మీ ఇండ్లల్ల పాలెట్ల ఉంచుతరు?"

"దాలిల," అంది అవ్వ.

దాలి అంటే మా పల్లెల్లో నేలలో తవ్విన గుంట. పిడకలు వేసి నిప్పు పెట్టి పాలకుండ దాని మీద పెడతారు. పగలంతా పాలు సన్నగా కాగుతూనే ఉంటాయి. సాయంత్రానికి ఎర్రబడి మీద మీగడ మందంగా కడుతుంది.

"దాంట్ల ఏలు పెట్టొచ్చునా?"

"ఏలు వెడితె తోలు ఊడొస్తది."

"ఇన్నవా చెల్లె," అంది నర్సమ్మ. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. "అవ్వ దాలి ఉడుకుతనే ఉంటది, దాంట్ల ఏది పెరుగది. నీ డబ్బ పిల్లకు ఎంత హాయో పురుగుకు గంతే హాయి. పాలు కాచినా ఒకటో రెండో మిగుల్తయి, గాలికి ఒకటి వడ్తది. రాత్రంత దానికి జోలపాడినవు."

జోలపాడినవు. ఆ మాటతో నాకు కాలేజీ అలమార తలుపు తెరుచుకుంది. చెక్క వాసన, లోపలి వెచ్చన, గంటగంటకూ వెళ్ళి చూసే నేను. అక్కడ నన్ను కాపలా పెట్టింది దేనికో నాకు తెలుసు. తెలిసి, అదే అలమారను బిస్కెట్ల డబ్బాతో మళ్ళీ కట్టాను. నా చేతులతో బూడిద జల్లెడ పట్టి, నా మణికట్టుతో కొలిచి. కళ్ళు మూసుకుంటే ఆ గాజుపళ్ళెం బిడ్డ కడుపులో తిరుగుతున్నట్టు, గులాబీ బొట్లు విచ్చుకుంటున్నట్టు కనిపించింది. ఎంత అందంగా ఉండేవి అవి.

నర్సమ్మ అక్కడితో ఆగలేదు. చేతుల మాట కూడా అబద్ధం కాదంది. పొట్ట చెడిన పిల్లకు మురికి వేలు ఇంకో దెబ్బ అంది. అవ్వను పిలిచి చేతులు ముందుకు చాపమంది. అవ్వ నా వైపు చూసింది. కొంగు కింద నుంచి చేతులు తీయడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. నర్సమ్మ తన ఇంటి నుంచి తెచ్చిన ఎర్రసబ్బుతో అవ్వ వేళ్ళ సందులు, గోళ్ళ అంచులు, మణికట్ల దాకా రుద్దింది. నన్ను చెంబుతో నీళ్ళు పొయ్యమంది. పోశాను. నన్ను సాకిన చేతుల్ని అంత దగ్గరగా నేను ఎప్పుడూ చూడలేదు. కుడి బొటనవేలి మీద ఒక పాత కొడవలి గీత. నీళ్ళు దాని మీదుగా జారి వాకిట్లోకి పోయాయి.

తర్వాత బియ్యం మెత్తగా ఉడికించి పలచని గంజి తేట తీసి, చిటికెడు ఉప్పు, కాస్త చక్కెర వేసి ఇచ్చింది. ఒక చెంచాడు పట్టాలి. కాసేపు ఆగాలి. మళ్ళీ చెంచాడు. వాంతి చేసుకుంటే కొంచెం ఎక్కువసేపు ఆగాలి, మానకూడదు. నేను చెంచా పట్టుకున్నాను గాని సగం బిడ్డ మెడ మీదికి పోయింది. నర్సమ్మ చెంచా నా చేతిలోంచి తీసుకుని అవ్వకు ఇచ్చింది.

ఆ మధ్యాహ్నం నాకు నీళ్ళ అడుగు నుంచి చూసినట్టు గుర్తుంది. వేడికి వాకిలి అలలు అలలుగా కదిలింది. దూరంగా ఎక్కడో బొగ్గు వ్యాగన్లు ఒకదానికొకటి తగిలి, ఆ చప్పుడు కొండల దాకా పోయి వచ్చింది. అవ్వ గోడకు ఆనుకుని కాళ్ళు చాపి, బిడ్డను తొడల మీద పడుకోబెట్టుకుని చెంచా చెంచాకూ ఏదో లెక్కపెడుతోంది. చెవి పెట్టి వింటే అది నాట్లు వేసేటప్పుడు నారు లెక్క. ఒక చెంచా అంటే ఒక మొక్క. ఒక వరస నిండితే వెనక్కి ఒక అడుగు. కళ్ళు మూసుకుని ఆమె బురదలో వెనక్కి వెనక్కి నడుస్తోంది. ముందు పచ్చగా మడి నిండుతోంది. కాసేపు నాకూ ఆ పచ్చదనం కనిపించింది. నిద్రపోయానేమో తెలియదు.

నా భర్త ఏ కబురూ తెలియక మామూలుగా డ్యూటీ దిగి వచ్చి, గడపలో నల్లగా నిలబడిపోయారు. అవ్వ కళ్ళు తెరవకుండానే, "ముందుగాల చేతులు కడుక్కో అల్లుడా. సబ్బుతోటి," అంది.

బాయి మీది నుంచి షిఫ్టు మారే మూడో కూత వినిపించింది. సాయంకాలం ఎండ గడప దాటి నేల మీదికి వచ్చింది. నేను ఆ ఎండ అంచును చూస్తూ కూర్చున్నాను. అది ఎదుటి గోడ ఎక్కితే పొద్దుగూకినట్టు. గోడకు జానెడు దూరం ఉంది. తర్వాత బెత్తెడు. డాక్టరు చెప్పిన మాట తప్ప నా తలలో ఇంకేమీ లేదు.

"పోసింది," అంది అవ్వ.

ఆమె చీర మీద, మోకాలి దగ్గర, అరచేతి వెడల్పున తడి. నేను వెళ్ళి చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది. బిడ్డ నా మొహం చూసి పెదవి విరిచి ఏడ్చింది. ఈసారి కన్నీళ్ళు వచ్చాయి. డ్యూటీకి వెళ్తూ నర్సమ్మ మళ్ళీ వచ్చి పొట్ట మీది చర్మం పట్టి వదిలింది. మడత వెంటనే సర్దుకుంది. ఇక పరేషాన్ కావద్దని చెప్పి, వెళ్ళబోతూ గడపలో ఆగి నాతో నాలుగు మాటలు అంది. ఏ పూటకు కావలసినన్ని పాలు ఆ పూటే కాచు. చల్లారగానే పట్టు. మిగిలితే పారబొయ్యి, దాచకు. మీ ఆయన అన్నం కూడా ఆ బూడిదలో గంటల తరబడి పూడ్చకు, ఆయన వచ్చాకే వేడిగా వండు. వేడిగా ఉంటే బాగా వేడిగా ఉండాలి, ఆ నడిమి వెచ్చనే మంచిది కాదు. ముందుగా అటు పక్కింటి ఒరిస్సా ఆమెకు చెప్పు, నీకు వాళ్ళ భాష రాకపోతే చేతులతో చూపించు.

చూపించాను కూడా. ఆ వారమంతా చేతుల్తోనే చెప్పాను. కొందరు నవ్వారు, కొందరు విన్నారు.

నాలుగో రోజు పొద్దున, బిడ్డకు గంజి పట్టే ముందు అవ్వ తనంతట తానే వాకిట్లోకి వచ్చి చేతులు చాపింది. నేను చెంబుతో పోస్తున్నాను. ఆమె గోళ్ళు రుద్దుకుంటూ, తల ఎత్తకుండా అడిగింది.

"పెద్దోనికి గూడ గట్లనె అయిందానే?"

ఎవరికి అని నేను అడగలేదు. మూతికి గుడ్డ కట్టిన ముంత నా కళ్ళ ముందుకు వచ్చింది. ఆమె కడుపంత వెచ్చని పాలు. పొద్దున్నే కట్టుకుంటే మధ్యాహ్నం దాకా, నాట్ల మీద వంగిన నడుముకు. నేను చిన్నప్పుడు ముఖం ఆనించిన చోటు. నా నోట్లోంచి తొందరగా ఒక మాట వచ్చింది.

"అప్పుడు ఊళ్లె గత్తర ఉండె అంటివి గదవ్వా."

"గత్తర మా వాడకు రాలే బిడ్డా."

నీళ్ళు అయిపోయాయి. చెంబు వంచినట్టే పట్టుకుని నిలబడ్డాను. అవ్వ తడి చేతుల్ని తుడుచుకోలేదు, కొంగు కిందికీ తీసుకోలేదు. అలాగే చాపి ఉంచింది.

"నాకు ఎవ్వలు జెప్పలే," అంది.

"నాకు చెప్పిండ్రు అవ్వా," అన్నాను. "బడిల కూసోవెట్టి చెప్పిండ్రు. అయినా నాకు ఎరుక గాలే."

లోపల బిడ్డ ఆకలికి గొంతు ఎత్తింది. "పొయ్యి, ఇంకొన్ని పొయ్యి, సబ్బు పోలే," అంది అవ్వ. నేను చెంబు నింపుకొచ్చి పోశాను. నిజానికి సబ్బు ఎప్పుడో పోయింది.

ఆ సంగతి మేమిద్దరం మళ్ళీ ఎన్నడూ మాట్లాడుకోలేదు. వానలు పడ్డాక అవ్వ ఊరికి వెళ్ళిపోయింది. నాట్లు మొదలయ్యాక నేను బిడ్డను తీసుకుని వెళ్ళాను. బిడ్డ అప్పటికి గోడ పట్టుకుని నడుస్తోంది. ఒక రోజు మధ్యాహ్నం దాన్ని ఎత్తుకుని పొలం గట్టుకు పోయాను. మబ్బు పట్టి వెలుతురంతా బూడిద రంగులో ఉంది. మడుల్లో నిలిచిన నీళ్ళలో ఆకాశం కదులుతోంది. ఆడవాళ్ళు పని ఆపి గట్టెక్కుతున్నారు. తొలిచూలు తల్లి ఒకామె, పద్దెనిమిదేళ్ళు ఉంటాయేమో, చెట్టు కొమ్మకు కట్టిన గుడ్డ ఊయల దగ్గరికి వచ్చి, కొంగు జరిపి, నడుముకు కట్టుకున్న చిన్న ముంత విప్పింది.

అవ్వ మడిలోంచి వచ్చింది. వచ్చి, ఆ ముంత ఆమె చేతిలోంచి తీసుకుని గట్టు పక్కన వంచేసింది. పాలు బురద నీళ్ళలో తెల్లగా విచ్చుకుని, కాసేపు నిలిచి, కలిసిపోయాయి.

ఆ అమ్మాయికి ఏడుపు వచ్చినంత పనైంది. "ఎచ్చగనె ఉన్నయి గద పెద్దవ్వా," అంది.

"ఎచ్చగున్నయనే పారవోసిన," అంది అవ్వ. "ఇంటికి వోయి మసలకాచి తీస్కరా పో. గప్పటిదాక నేను ఊపుత."

అమ్మాయి గొణుక్కుంటూ గట్టు వెంట పోయింది. అవ్వ కాలువలో చేతులు కడుక్కుంది. కడుక్కుని, ఆ నీళ్ళ వైపు అనుమానంగా చూసి, నా వైపు చూసింది. నేను సంచిలోంచి నా సీసా తీశాను. పొద్దున కాచి చల్లార్చి తెచ్చుకున్న నీళ్ళు. ఆమె చేతుల మీద పోశాను. తర్వాత ఆమె ఊయల పక్కన కూర్చుని, ఒక చేత్తో ఊయల తాడు లాగుతూ, ఇంకో చేత్తో ఆ ఖాళీ ముంతను తన నడుముకు ఆనించి పట్టుకుంది. ఆ అమ్మాయి తిరిగి వచ్చేదాకా అలాగే పట్టుకుని ఉంది.